నాన్నగారి పెన్షన్‌కి ఏ డిడక్షన్ చూపించాలి? ట్రెజరీలో లెక్క ఇమ్మంటున్నారు

కంటోన్మెంట్_కుర్రాడు (విజయనగరం)
అందరికీ నమస్కారం. నాన్నగారు జెడ్పీ హైస్కూల్లో టీచర్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 67. పెన్షన్ నెలకు 42,000. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు ఉన్నాయి, దాని మీద ఏడాదికి 1,23,000 వడ్డీ వస్తుంది. అదే బ్యాంకులో ఎఫ్‌డీల మీద ఇంకో 1,10,000, సేవింగ్స్ ఖాతాలో ఒక 8,000. ట్రెజరీ వాళ్లు 2025-26 ఐటీ లెక్క ఇమ్మన్నారు, ఇవ్వకపోతే ఫిబ్రవరి పెన్షన్‌లో కోసేస్తారేమోనని నాన్నకి ఒకటే టెన్షన్. తెలిసిన ఏజెంటు ఒకాయన మార్చి 31 లోపు లక్షన్నర పాలసీ కట్టేయండి, ఇంకో హెల్త్ పాలసీ తీసుకోండి, పన్ను సున్నా అయిపోతుంది అని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. ఈ వయసులో అయిదేళ్లు డబ్బు ఇరికించాలా అని నా అనుమానం. పెద్దవాళ్లకి అసలు ఏ డిడక్షన్లు ఉన్నాయో ఎవరైనా చెప్తారా?

రిటైర్డ్_హెచ్‌ఎం (శ్రీకాకుళం)
బాబూ, నేనూ మీ నాన్నగారి శాఖే. ఏళ్ల తరబడి నా లెక్క నేనే వేసుకుంటున్నాను, మా సంఘంలో నలుగురికీ వేసి పెడతాను. మీవాళ్ల మొత్తం ఆదాయం 7,45,000. పాత పద్ధతిలో (డిడక్షన్లన్నీ తీసుకోగలిగేది) స్టాండర్డ్ డిడక్షన్, అంటే రసీదు లేకుండానే ఇచ్చేది, 50,000 పోతుంది. డిపాజిట్ల వడ్డీ మీద 80టీటీబీ కింద ఇంకో 50,000 పోతుంది, ఇది అరవై దాటిన మనకే ఇచ్చారు, చిన్నవాళ్లకి 80టీటీఏ కింద సేవింగ్స్ వడ్డీ మీద పదివేలే. హెల్త్ పాలసీ ఉంటే 80డీ 50,000. ఆ పైన 80సీ (బీమా, పీఎఫ్ లాంటి పొదుపులకి) లక్షన్నర. అన్నీ తీసేస్తే 4,45,000 మిగులుతుంది, అయిదు లక్షల లోపు కాబట్టి రిబేటు (లెక్కేసిన పన్నులోంచే ఇచ్చే మాఫీ) వచ్చి పన్ను సున్నా. ఏజెంటు చెప్పింది తప్పేం కాదు.

ఖాతాపుస్తకం (శ్రీకాకుళం)
మాస్టారూ, మీ కూడికలు తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి, కానీ సున్నాకి చేరడానికి ఆ పెద్దాయన చేత లక్షన్నర కట్టించి, పాలసీ కొనిపించి, రసీదులు దాచిపించాల్సిన పని లేదు. 2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిలో (రేట్లు తక్కువ, డిడక్షన్లు చాలావరకు ఉండవు) 12 లక్షల దాకా 87ఏ రిబేటు ఉంది. పెన్షన్‌ని చట్టం జీతంగానే చూస్తుంది కాబట్టి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 వస్తుంది. 7,45,000లో అది తీస్తే 6,70,000. నాలుగు లక్షల దాకా పన్ను లేదు, ఆపై 2,70,000 మీద 5 శాతం, అంటే 13,500. అది మొత్తం రిబేటులో పోతుంది. ఒక్క రసీదు అక్కర్లేదు.

ఏజెంటు మాట విని పాత పద్ధతిలోకి వెళ్లి, 80సీ మాత్రం కట్టకపోతే ఏమవుతుందో కూడా చూడండి. 5,95,000 మీద 29,000, సెస్సుతో 30,160 పన్ను. అంటే ఏజెంటు తనే ఒక గొయ్యి చూపించి, దాన్ని పూడ్చడానికి పాలసీ అమ్ముతున్నాడు. నా దగ్గరికి వచ్చే పెన్షనర్లలో చాలామందికి ఈ సంగతి చెప్తే నమ్మరు, “డిడక్షన్ లేకుండా సున్నా ఎలా అవుతుందండీ” అని రెండోసారి లెక్క వేయిస్తారు.

కొత్త పద్ధతిలో 60 అని, 80 అని వయసు తేడా ఏమీ లేదు. 60కి 3 లక్షలు, 80కి 5 లక్షలు అన్న మినహాయింపు పాతదాంట్లోనే.

రాజాం_రాజు
ఏటి బావూ ఇది, ఇన్నాళ్లూ పాలసీలు కట్టినోళ్లందరూ ఎర్రిబాగులోళ్లా మరి?

ఖాతాపుస్తకం
అప్పుడు రూలు అది అండీ, అప్పుడు కట్టడం తప్పు కాదు. 12 లక్షలన్నది 2025-26 నుంచే వచ్చింది, అంతకు ముందు ఏడాది కొత్త పద్ధతిలో 7 లక్షలే. ఏజెంట్లకి ఇంకా పాత పాఠమే నోటికి వస్తోంది.

రిటైర్డ్_హెచ్‌ఎం
సరే ఒప్పుకుంటాను. కానీ హెల్త్ పాలసీ మానేయమనకండి కుర్రాళ్లకి. 67 ఏళ్ల మనిషికి గుండెకో మోకాలికో ఆపరేషన్ పడితే పన్ను లెక్క గుర్తుకు రాదు, బిల్లే గుర్తుకొస్తుంది.

ఖాతాపుస్తకం
మానేయమనడం లేదు మాస్టారూ. పాలసీ జబ్బు కోసం కొనండి, పన్ను కోసం కాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు, అదే పెద్ద ఊరట. ట్రెజరీకి మాత్రం కొత్త పద్ధతి అని రాసిచ్చేయమనండి.

ఇంకో సంగతి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ట్రెజరీ వాళ్లకి మీ నాన్నగారి పెన్షన్ ఒక్కటే కనపడుతుంది, బ్యాంకు వడ్డీ సంగతి వాళ్లకి తెలీదు. “ట్రెజరీలో అయిపోయింది కదా, ఇంక రిటర్న్ ఎందుకు” అంటారు. పన్ను సున్నా అవ్వడం వేరు, రిటర్న్ అక్కర్లేకపోవడం వేరు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా, 80సీ లాంటివి తీయకముందు మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వెయ్యాలి, రిబేటు వచ్చినా సరే. 12 లక్షల లోపు ఉంటే రిటర్నే వద్దని వాట్సాప్‌లో తిరిగేది ఉత్తి మాట.

కంటోన్మెంట్_కుర్రాడు
చాలా థాంక్స్ అండీ. మరి బ్యాంకు వాళ్లు ఇప్పటికే పదిహేడు వేల పైచిలుకు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోసేశారు. పాస్‌బుక్ చూసి నాన్న రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అది పోయినట్టేనా?

చీపురుపల్లి_ఆడపడుచు
పోదు తమ్ముడూ, మా అమ్మకీ ఇలాగే అయింది. ఏప్రిల్‌లో 15హెచ్ ఫారం, అదే పన్ను పడదు కోయొద్దని ఇచ్చేది, ఇవ్వలేదా మీరు?

కంటోన్మెంట్_కుర్రాడు
నాన్న పోయినేడు ఇచ్చారట, ఒకసారి ఇస్తే చాలనుకున్నారు.

ఖాతాపుస్తకం
ప్రతి ఆర్థిక సంవత్సరానికీ మళ్లీ ఇవ్వాలి, ఒకసారి ఇస్తే ఆ ఏడాదికే. అరవై నిండి, మొత్తం మీద పన్ను సున్నా అయ్యేవాళ్లు 15హెచ్ ఇవ్వచ్చు. రిబేటు వల్ల సున్నా అయినా పర్వాలేదు. 2025 ఏప్రిల్ నుంచి సీనియర్ సిటిజన్లకి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితేనే టీడీఎస్ (అంతకు ముందు 50,000). మీవాళ్లకి స్కీము, ఎఫ్‌డీ అన్నీ ఒకే బ్యాంకులో ఉండడంతో కలిపి లక్ష దాటేసింది. పాన్ ఇచ్చి ఉంటే 10 శాతం, లేకపోతే 20 శాతం కోస్తారు. కోసింది బ్యాంకు వెనక్కి ఇవ్వదు, రిటర్న్ వేస్తేనే రిఫండ్‌గా వస్తుంది. ఇప్పుడు 15హెచ్ ఇస్తే మార్చి దాకా పడే వడ్డీకైనా కోత ఆగుతుంది.

ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చేటప్పుడు మాత్రం బ్యాంకులో ఏ ఫారమో అడిగి ఇవ్వండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, సెక్షన్ల నంబర్లన్నీ వేరు. మేము ఇక్కడ చెప్తున్న నంబర్లు 2026 మార్చితో ముగిసే ఏడాదికి పనికొచ్చేవి.

చీపురుపల్లి_ఆడపడుచు
నా డౌటు కూడా ఇక్కడే అడిగేస్తాను. అమ్మకి 61, నాన్న పోయాక ఫ్యామిలీ పెన్షన్ నెలకు 22,000 వస్తుంది, నాన్న దాచినవి బ్యాంకులో వేస్తే వడ్డీ ఏడాదికి 2,20,000. తెలిసినాయన ఒకరు అమ్మకి కూడా 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పెట్టి రిటర్న్ వేశారు పోయినేడు. అది కరెక్టేనా?

ఖాతాపుస్తకం
కాదమ్మా. పెన్షన్ తీసుకునే ఉద్యోగికి అది జీతం, ఆయన తర్వాత భార్యకి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ జీతం కాదు, ఇతర ఆదాయం కింద చూపించాలి. దానికి వేరే డిడక్షన్ ఉంది, వచ్చిన మొత్తంలో మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది. పాత పద్ధతిలో అయితే 15,000. అమ్మగారికి 2,64,000 లోంచి 25,000 పోయి, వడ్డీ కలిపితే 4,59,000. పన్ను 2,950, రిబేటులో పోతుంది. కాబట్టి పన్నులో తేడా ఏమీ రాదు, కానీ తప్పు గడిలో పెడితే రేపు నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఆవిడే, వేసినాయన కాదు. ఈసారి సరిగ్గా వేయించండి. ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్న్ తప్పదు.

రాజాం_రాజు
మా ఊళ్లో ఒకడు ఉన్నాడు, రిఫండ్‌లో ఇంత శాతం ఇస్తే ఎంత కావాలంటే అంత తెప్పిస్తానంటాడు. లేని జబ్బులు రాసేస్తాడట.

ఖాతాపుస్తకం
వాడి జోలికి వెళ్లకండి. 2025లో వేసిన రిటర్నుల నుంచే 80డీకి పాలసీ కంపెనీ పేరు, నంబరు, పెద్ద జబ్బుల ఖర్చుకిచ్చే 80డీడీబీకి జబ్బు పేరు అడుగుతున్నారు. దొంగ లెక్క పెట్టి దొరికితే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా పెనాల్టీ. పట్టుబడేది పెద్దాయన, వాడు ఫోన్ ఎత్తడు.

ఉద్దానం_పిల్లోడు (కవిటి / విశాఖ)
జబ్బు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మాది కవిటి మండలం, మా వైపు కిడ్నీ సంగతి మీ అందరికీ తెలిసిందే. అమ్మకి 63, క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్. ఆదాయం ఏమీ లేదు, నా మీదే ఆధారం. డయాలసిస్ ప్రభుత్వ పథకంలోనే అవుతోంది, కానీ మందులు, విశాఖలో పరీక్షలు, ఇంజెక్షన్లు అన్నీ నా కార్డు మీదే, ఏడాదికి లక్షన్నర దాటిపోతోంది. నాకు జీతం 18 లక్షలు, విశాఖలో అద్దె ఇల్లు. ఆఫీసులో అందరూ కొత్త పద్ధతే మేలంటున్నారు. అమ్మ ఖర్చుకి ఏమైనా వస్తుందా?

ఖాతాపుస్తకం
తమ్ముడూ, పెద్దవాళ్ల డిడక్షన్లు నిజంగా పనికొచ్చేది మీ లాంటి వాళ్లకే. పెద్దాయన పేరు మీద ఉండే డిడక్షన్ ఆయనకి పన్నే లేనప్పుడు దేనికీ పనికిరాదు. అదే ఖర్చు పన్ను కట్టే కొడుకో కూతురో చేస్తే విలువ ఉంటుంది. అందుకే ఇంట్లో వాళ్ల జీతాలు, పెన్షన్లు అన్నీ ఒకసారి కలిపి చూసుకుని, మందుల ఖర్చు ఎవరి ఖాతాలోంచి పోవాలో ముందే అనుకోవాలి.

మీకు రెండు సెక్షన్లు వర్తిస్తాయి. 80డీడీబీ జాబితాలో క్రానిక్ రీనల్ ఫెయిల్యూర్ ఉంది. మామూలుగా 40,000 దాకానే, పేషెంటుకి అరవై దాటితే లక్ష దాకా. మీ వయసుతో పని లేదు, అమ్మగారి వయసే లెక్క. ఆవిడ మీ మీద ఆధారపడి ఉండాలి, ఉన్నారు. బీమా నుంచి వచ్చింది, పథకంలో ఫ్రీగా అయింది చూపించకూడదు, మీ జేబులోంచి పోయిందే. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ కావాలి, ఏ డాక్టరు రాసినా చెల్లదు. కిడ్నీకి నెఫ్రాలజీలో డీఎం గానీ యూరాలజీలో ఎంసీహెచ్ గానీ చేసినవాళ్లు రాయాలి. ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుంటే అక్కడ పూర్తి సమయం పనిచేసే, జనరల్ మెడిసిన్‌లో పీజీ చేసిన స్పెషలిస్టు రాసినా సరిపోతుంది. పేషెంటు పేరు, వయసు, జబ్బు, డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, డిగ్రీ అన్నీ అందులో ఉండాలి.

రెండోది 80డీ. అమ్మగారికి హెల్త్ పాలసీ లేకపోతే ఆవిడ వైద్య ఖర్చే 50,000 దాకా చూపించుకోవచ్చు. క్యాష్ ఇచ్చినవి మాత్రం లెక్కలోకి రావు, కార్డో యూపీఐనో ఉండాలి. ముందస్తు చెకప్‌కి 5,000 దాకా ఒక్కదానికే క్యాష్ చెల్లుతుంది, అదీ ఆ 50,000 లోపలే. ఒకే బిల్లు రెండు సెక్షన్లలోనూ పెట్టకండి, బిల్లుల్ని రెండు కట్టలుగా విడదీసుకోండి.

ఉద్దానం_పిల్లోడు
థాంక్స్ అన్నా. పలాస కిడ్నీ ఆసుపత్రిలోనే చూపిస్తున్నాం, అక్కడే రాయించుకుంటాను. కానీ ఇవన్నీ పాత పద్ధతిలోనే కదా, మరి నాకు లాభమేనా?

ఖాతాపుస్తకం
అదే చూద్దాం. కొత్త పద్ధతిలో 18 లక్షల్లో 75,000 తీస్తే 17,25,000, పన్ను 1,45,000, సెస్సుతో 1,50,800. పాతదాంట్లో అద్దెకి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటద్దె భత్యం) మినహాయింపు 3 లక్షలు అనుకుందాం (మీ అంకె వేసుకోండి). స్టాండర్డ్ 50,000, 80సీ లక్షన్నర, ఎన్‌పీఎస్‌లో (పెన్షన్ పొదుపు పథకం) విడిగా 50,000, మీ సొంత పాలసీకి 25,000, అమ్మగారి 80డీ 50,000, 80డీడీబీ లక్ష. మొత్తం 7,25,000. మిగిలింది 10,75,000, పన్ను 1,35,000, సెస్సుతో 1,40,400. అంటే 10,400 మిగులు. అమ్మగారి లక్షన్నర లేకపోతే పాత పద్ధతిలో మీరు నష్టపోతారు. ఎన్‌పీఎస్ కట్టకపోయినా నష్టమే. అంత దగ్గర లెక్క ఇది, కాబట్టి ఆఫీసులో వాళ్ల మాట మీదో నా మాట మీదో పోవద్దు, మీ బిల్లులు కూడి చూసుకోండి. పాత పద్ధతి కావాలంటే గడువు లోపు రిటర్న్ వెయ్యాలి, మామూలుగా జూలై 31. ఆలస్యంగా వేస్తే కొత్తదే దిక్కు.

కంటోన్మెంట్_కుర్రాడు
అయితే నాన్న షుగరు, బీపీ మందులు కూడా నేను నా యూపీఐతో కొంటే నాకు 80డీలో వస్తుందా? ఆయనకి పాలసీ లేదు. నేను హోమ్‌లోన్ వల్ల పాత పద్ధతిలోనే ఉన్నాను.

ఖాతాపుస్తకం
వస్తుంది. 80డీలో తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉండాలన్న షరతు లేదు, పెన్షన్ ఉన్నా ఫర్వాలేదు. మీ డబ్బుతోనే కొనాలి, ఆయన పెన్షన్ మీ ఖాతాలో వేయించుకుని కొనడం కాదు. షాపువాడి దగ్గర ఆయన పేరుతో బిల్లు తీసుకోండి. ఒకవేళ హెల్త్ పాలసీ తీసుకుంటే ప్రీమియం మీరే కట్టండి, అప్పుడు అదే 50,000లో పోతుంది.

పోర్టు_రిటైర్డ్ (శ్రీకాకుళం)
నాది వేరే బాధ. పెన్షన్ 9 లక్షలు, వడ్డీ 6 లక్షలు. 12 లక్షలు దాటిపోయాను. 69 ఏళ్లు. ఎఫ్‌డీలు కొన్ని మా ఆవిడ పేరు మీదకి మార్చేస్తే?

ఖాతాపుస్తకం
ఆవిడకి ఇచ్చిన డబ్బు మీద వడ్డీ మళ్లీ మీ ఆదాయంలోనే కలుస్తుంది సార్. పెళ్లయి ఉద్యోగం చేసుకుంటున్న కొడుక్కో కూతురికో నిజంగా ఇచ్చేస్తే కలవదు, కానీ ఈ వయసులో చేతిలో డబ్బు ఖాళీ చేసుకోవద్దని నా సొంత అభిప్రాయం.

మీకు కొత్త పద్ధతిలో 14,25,000 మీద 93,750, సెస్సుతో 97,500. పాతదాంట్లో ఇంతకన్నా తగ్గాలంటే మొత్తం 5,81,250 పైన డిడక్షన్లు చూపించాలి. స్టాండర్డ్, 80సీ, 80టీటీబీ, 80డీ అన్నీ నిండుగా ఉన్నా 3 లక్షలే. సొంతింటి లోన్ వడ్డీ 2 లక్షలు, పైన 40 శాతం వైకల్యం సర్టిఫికెట్‌తో 80యూ 75,000 కూడా ఉన్నా 5,75,000 అవుతుంది, ఇంకా చాలదు. కాబట్టి కొత్తదే. ఒక్క ఊరట, వ్యాపారం లేని సీనియర్ సిటిజన్లు అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టేది) కట్టనక్కర్లేదు, టీడీఎస్ పోగా మిగిలింది రిటర్న్ వేసేటప్పుడు కడితే చాలు.

భోగాపురం_అంకుల్
నాకు కలిపి 5 లక్షలే ఆదాయం, పన్ను గొడవ లేదనుకున్నాను. ఎయిర్‌పోర్ట్ పుణ్యమా అని లేఅవుట్ ప్లాటు అమ్మితే 9 లక్షలు లాభం వచ్చింది. దీనికి కూడా 12 లక్షల రూలేనా?

ఖాతాపుస్తకం
కాదు సార్, ఇక్కడ జాగ్రత్త. ప్లాటు లాభం మీద పన్నుకి ఆ రిబేటు రాదు. పైగా మొత్తం ఆదాయం 14 లక్షలైతే మామూలు 5 లక్షల భాగానికి కూడా రిబేటు పోతుంది. రెండేళ్లు దాటి ఉంచుకున్న ప్లాటైతే 12.5 శాతం, 2024 జూలై 23కి ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలని బట్టి కొన్న ధర పెంచి చూడడం) 20 శాతం లెక్క కూడా వేసి తక్కువ వచ్చింది కట్టచ్చు. అమ్మిన ఆరు నెలల్లోపు 54ఈసీ బాండ్లలో (ప్రభుత్వ సంస్థలు ఇచ్చేవి) లాభం వేస్తే, 50 లక్షల దాకా, ఆ మేరకు పన్ను పడదు. ఇది కొత్త పద్ధతిలోనూ ఉంది. డబ్బు అయిదేళ్లు కదపలేరు. అమ్మిన తేదీ చూసుకుని త్వరపడండి.

అదే మెట్టో పల్లమో అయితే, మున్సిపాలిటీకి తగినంత దూరంలో ఉన్న పల్లెటూరి వ్యవసాయ భూమి అమ్మకానికి అసలు పన్నే లేదు. దూరం జనాభాని బట్టి 2, 6, 8 కిలోమీటర్లు, రోడ్డు మీద కాదు, గాల్లో కొలిచిన దూరం.

రాజాం_రాజు
కౌలు డబ్బులు చూపించాలా? మా నాన్నకి ఏడాదికి అరవై వేలు వస్తాయి.

ఖాతాపుస్తకం
వ్యవసాయ భూమి మీద కౌలు కూడా వ్యవసాయ ఆదాయమే, దానికి పన్ను లేదు, కానీ రేటు లెక్కలో కలుపుతారు. 5,000 దాటితే ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వెయ్యాలి. ఉద్దానం వాళ్లు తోటలో జీడిగింజలు అమ్మితే వ్యవసాయం, బట్టీ పెట్టి పప్పు తీసి అమ్మితే అందులో వ్యాపారం భాగం వచ్చేస్తుంది. మీ నాన్నగారికి మొదటి పోస్టులో తమ్ముడి నాన్నగారిలా 6,70,000 ఉందనుకుంటే, కౌలు కలిపినా పన్ను 13,500 దగ్గరే ఆగి రిబేటులో పోతుంది.

రిటైర్డ్_హెచ్‌ఎం
75 దాటితే రిటర్నే అక్కర్లేదట కదా? నాకు వచ్చే ఏడాది నిండుతాయి.

ఖాతాపుస్తకం
అందరికీ కాదు మాస్టారూ. పెన్షన్, దాంతోపాటు అదే బ్యాంకులో వడ్డీ, ఈ రెండే ఉండాలి, బ్యాంకుకి డిక్లరేషన్ ఇవ్వాలి, బ్యాంకే లెక్కేసి కోస్తుంది. మీకు పోస్టాఫీసులో కూడా ఉందన్నారు గుర్తు, కాబట్టి మీకు కుదరదు.

చీపురుపల్లి_ఆడపడుచు
ఒక్కటి ఉండిపోయింది. మా అత్తగారి పుట్టినరోజు ఏప్రిల్ 1, 2026కి అరవై నిండుతాయి. 2025-26కి సీనియర్ అవుతారా కారా?

ఖాతాపుస్తకం
అవుతారమ్మా. ఏప్రిల్ 1న పుట్టినవాళ్లకి మార్చి 31కే నిండినట్టు అని శాఖ 2016లోనే సర్క్యులర్ ఇచ్చింది.

కంటోన్మెంట్_కుర్రాడు
ట్రెజరీలో కొత్త పద్ధతి అని రాసిచ్చేశాం. సోమవారం బ్యాంకులో 15హెచ్ ఇస్తున్నాం. ఏజెంటు మళ్లీ వచ్చాడు, నాన్న ఈసారి 87ఏ గురించి చెప్పమని ఆయన్నే అడిగారు, “వచ్చే వారం కనుక్కొని చెప్తాను మాస్టారూ” అని వెళ్లాడు. రిఫండ్ వచ్చే ఖాతాని పోర్టల్లో ముందే వ్యాలిడేట్ చేయాలన్నారు ఎవరో, ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు నాన్న పాతది, ఇప్పుడు వాడట్లేదు. దానికేం చేయాలి?

చీపురుపల్లి_ఆడపడుచు
ముందు ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి నంబరు మార్పించు తమ్ముడూ, ఆయన స్వయంగా రావాలి, వేలిముద్ర అడుగుతారు. ఓటీపీ రాకపోతే రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయడానికి ఇబ్బంది పడతారు. జూలై దాకా ఆగకుండా ఇప్పుడే వెళ్లండి, అప్పుడు క్యూ ఎక్కువ.